ఆగితేనే ఉడికే ఇంజిన్

అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో 1990 జూన్ 26న ఉష్ణోగ్రత 50 డిగ్రీలకు చేరింది. 2023 వేసవిలో అయితే వరసగా 31 రోజులు పగటి గరిష్ఠం 43 డిగ్రీలకు తగ్గలేదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటామే, ఆ ఎండ అక్కడ నెలల తరబడి నడుస్తుంది. చాండ్లర్, గిల్బర్ట్ లాంటి శివారు ఊళ్లలో చాలామంది తెలుగువాళ్లున్నారు. జూన్‌లో పార్కింగులో పెట్టిన కారు స్టీరింగు పట్టుకోవడం ఎంత కష్టమో వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. అయినా పాత కార్ల పిచ్చి ఉన్నవాళ్లలో ఈ ఎడారికి మంచి పేరే ఉంది. వాన తక్కువ, మంచు కరగడానికి రోడ్డు మీద ఉప్పు చల్లే అవసరం లేదు, అందుకని యాభై అరవై ఏళ్ల నాటి కారైనా అడుగు రేకు తినేయకుండా దొరుకుతుంది. రేకును కాపాడిన ఆ పొడి ఎండే ఇంజిన్‌కు పగబట్టినట్టు ఉంటుంది. అదీ మామూలు ఇంజిన్ కాదు, మధ్యతరహా బండిలో పెద్ద ఇంజిన్ బిగించిన మజిల్ కారు ఇంజిన్.

1964లో జనరల్ మోటార్స్‌కు చెందిన పాంటియాక్ విభాగం, పెద్ద కార్లకు వాడే 6.4 లీటర్ల వి8 ఇంజిన్‌ను తెచ్చి మధ్యతరహా టెంపెస్ట్ కారులో బిగించి, దానికి జీటీవో అని పేరు పెట్టింది. మధ్యతరహా కార్లలో 330 ఘనపుటంగుళాలు మించిన ఇంజిన్ పెట్టకూడదని కంపెనీలోనే ఒక కట్టుబాటు ఉండేది. పాంటియాక్ ఇంజినీరు జాన్ డెలోరియన్ బృందం ‘ఇది వేరే మోడల్ కాదు, కొనేవాడు కోరుకుంటే ఇచ్చే అదనపు హంగు మాత్రమే’ అని కాగితం మీద రాసి గట్టు దాటేసింది. బండి విపరీతంగా అమ్ముడుపోయింది. ఫోర్డ్, క్రైస్లర్ ఊరుకుంటాయా? పోటీ పెరిగి, ఆరేళ్లు తిరిగేసరికి జనరల్ మోటార్స్ నుంచే 1970 షెవర్లే షెవెల్ ఎస్‌ఎస్ 454 వచ్చింది. 7.4 లీటర్లు, ఎల్‌ఎస్6 రకంలో 450 హార్స్‌పవర్. ఇందులో ఒక కిటుకుంది. ఆ రోజుల్లో ఇంజిన్‌ను బండిలోంచి తీసి, ఫ్యాను లాంటి బరువులేవీ తగిలించకుండా బల్ల మీద కొలిచేవారు. తగిలించి కొలిచే పద్ధతి 1972 మోడళ్ల నుంచి వచ్చింది. అంటే ప్రకటనలో కనిపించిన 450, ఇంజిన్‌ను చల్లబరిచే ఫ్యాను లేకుండా వచ్చిన 450.

ఈ కార్లున్నవాళ్లందరిదీ ఇంచుమించు ఒకటే గోడు. హైవే మీద గంటకు 110 కిలోమీటర్లు పోతున్నంతసేపూ ఉష్ణోగ్రత ముల్లు కుదురుగా ఉంటుంది. హైవే దిగి ఊళ్లోకి వచ్చి ఎర్ర సిగ్నల్ దగ్గర ఆగారో లేదో లేవడం మొదలెడుతుంది. నాలుగో సిగ్నల్ దాటేసరికి బోనెట్ సందుల్లోంచి ఆవిరి. చాకిరీ చేసేటప్పుడు చల్లగా ఉండి, ఊరికే నిలబడితే ఉడికిపోవడమేమిటి? ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే మిగతా సంగతులు చాలావరకు వాటంతటవే విడిపోతాయి.

ముందు వేడి ఎంతో చూద్దాం. లీటరు పెట్రోలు మండితే సుమారు 32 మెగాజౌళ్ల శక్తి వస్తుంది. అందులో ఇంచుమించు మూడో వంతు బండిని లాగడానికి పోతుంది, మరో మూడో వంతు సైలెన్సర్ గుండా బయటికి పోతుంది, మిగిలింది ఇంజిన్ చుట్టూ తిరిగే నీళ్లలోకి చేరుతుంది. ఈ వాటాలు అటూ ఇటూ మారతాయి గానీ లెక్క వేసుకోవడానికి చాలు. 7.4 లీటర్ల వి8 సిగ్నల్ దగ్గర ఊరికే తిరుగుతూ గంటకు 3 లీటర్లు తాగుతుందనుకుందాం. నీళ్లలోకి దిగే వేడి సుమారు 9 కిలోవాట్లు. మన స్నానాల గదిలో గీజరు 2 కిలోవాట్లది. అంటే నాలుగైదు గీజర్లు ఒకే నీళ్లను ఆపకుండా కాస్తున్నట్టు. హైవే మీద అదే బండి గంటకు 20 లీటర్లు తాగుతుంది. నీళ్లలోకి దిగే వేడి సుమారు 60 కిలోవాట్లు. ఆరు రెట్లకు పైనే. అయినా ముల్లు కదలదు.

కారణం గాలి. ఈ తరహా కార్లలో రేడియేటర్ జాలీ సుమారు 26 అంగుళాల వెడల్పు, 19 అంగుళాల ఎత్తు ఉంటుందనుకోండి. 110 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 30 మీటర్లు. అందులో ఆరో వంతు వేగంతోనే గాలి జాలీలోంచి దూసుకుపోయినా సెకనుకు 1,600 లీటర్ల గాలి. సిగ్నల్ దగ్గర ఈ ఊపు ఒక్కసారిగా సున్నా. మిగిలేది ఇంజిన్ బెల్టుతో తిరిగే ఫ్యాను ఒక్కటే. ఇంజిన్ నిమిషానికి 700 చుట్లు తిరుగుతుంటే ఫ్యానూ ఇంచుమించు అంతే.

కాగితం మీద చూస్తే అదీ చాలాలి. 45 డిగ్రీల గాలి లోపలికి వెళ్లి 85 డిగ్రీలై బయటికి వస్తే, 9 కిలోవాట్లు మోసుకుపోవడానికి సెకనుకు 200 లీటర్ల గాలి సరిపోతుంది. మంచి ఫ్యానుకు అదేమంత భారం కాదు. మోసమంతా ఆ ‘45’ దగ్గరుంది. వాతావరణ శాఖ చెప్పే 45 నీడలో, నేలకు మనిషి ఎత్తున కొలిచింది. బండి ముక్కు ఉండేది మోకాలి ఎత్తున, ఎండలో కాలిన తారు మీద. వేసవి మధ్యాహ్నం ఫీనిక్స్ తారు రోడ్డు 70 డిగ్రీలు దాటుతుంది. ముందు బండి సైలెన్సర్ సెగ దీనికి తోడు. ఏసీ వేసుకుంటే బండిలోపలి వేడిని బయటికి పంపే కండెన్సర్ సరిగ్గా రేడియేటర్ ముందే నిలబడి, రాబోయే గాలిని ఇంకాస్త కాచి పంపుతుంది. అన్నిటికన్నా దొంగదెబ్బ ఇంకొకటుంది. రేడియేటర్ వెనక నుంచి వచ్చిన వేడి గాలి ఇంజిన్ కింద రోడ్డుకు తగిలి, బంపర్ అడుగు నుంచి మళ్లీ ముందుకు వచ్చి, అదే జాలీలోకి దూరుతుంది. ఆగిన బండిలో ఇదొక గుండ్రటి తిరుగుడు. ఇవన్నీ కలిసి లోపలికి వెళ్లే గాలి 65 డిగ్రీలకు చేరిందంటే ఆశ్చర్యం లేదు.

వేడి ఎంత జోరుగా పోతుందన్నది రెండు వైపుల ఉష్ణోగ్రతల మధ్య తేడాను బట్టి ఉంటుంది. నీళ్లు 95 డిగ్రీలు, గాలి 25 అయితే తేడా 70. డెట్రాయిట్ నగరంలో వెచ్చటి వసంతపు రోజన్నమాట. గాలి 45 అయితే తేడా 50కి దిగుతుంది, అదే రేడియేటర్ మునుపటి పనిలో 70 శాతమే చేస్తుంది. గాలి 65 అయితే తేడా 30, పని సగానికన్నా తక్కువ. రేడియేటర్‌కు జబ్బేమీ లేదు, తుప్పు లేదు, మూసుకుపోలేదు. దానికి దొరికే తేడాయే తగ్గిపోయింది. అందుకే ‘నిరుటి దాకా బాగానే ఉండేది, ఈ ఊరికి తెచ్చాకే పొంగుతోంది’ అనే మాట నిజమే అవుతుంది.

ఇక్కడే నాకు చాలా ఇష్టమైన ఒక నాసిరకం సరుకు గురించి చెప్పాలి. నాసిరకం అనడం ధర చూసే. దాని పేరు ష్రౌడ్. రేడియేటర్ వెనక భాగాన్నంతా కప్పి, మధ్యలో ఫ్యానుకు గుండ్రటి బొక్క వదిలిన ప్లాస్టిక్ డొప్ప. 18 అంగుళాల ఫ్యాను గీసే వృత్తం వైశాల్యం 254 చదరపు అంగుళాలు. జాలీ వైశాల్యం 494. డొప్ప లేకపోతే ఫ్యాను తన ఎదురుగా ఉన్న సగం జాలీలోంచే గాలి లాగుతుంది, నాలుగు మూలలూ దండగ. పైగా రెక్కల చివర్ల నుంచి గాలి పక్కలకు జారి మళ్లీ ముందుకే వస్తుంది. డొప్ప బిగిస్తే ఆ దారి మూసుకుపోయి, మొత్తం జాలీ పనిలోకి వస్తుంది. రెక్కల మందంలో సగం డొప్ప లోపల, సగం బయట ఉండేలా అమర్చాలని పాత చేతులు చెబుతాయి. పూర్తిగా లోపలికి పోతే గాలి బయటపడే దారి ఇరుకవుతుంది, పూర్తిగా బయటుంటే డొప్ప ఉన్నా లేనట్టే. పరీక్ష కూడా సులువు. ఇంజిన్ నిలకడగా తిరుగుతుండగా ముందు జాలీకి ఒక తెల్లకాగితం ఆనించి వదలాలి. అతుక్కుంటే ఆ చోట గాలి లాగుతోంది, జారి పడితే లేదు. నాలుగు మూలల్లోనూ ఆనించి చూస్తే ఎక్కడ లోటో అక్కడే తెలిసిపోతుంది.

అరవై ఏళ్లలో ఏ వాటర్ పంపు మార్చేటప్పుడో అడ్డమని తీసి పక్కన పెట్టి, మళ్లీ బిగించని ష్రౌడ్‌లు ఎన్నో. దీని వెనక ఇంకో కథ ఉంది. ఆ కాలంలో ఏసీతో అమ్మిన కార్లకు కంపెనీలు దళసరి రేడియేటర్, ఎక్కువ రెక్కల ఫ్యాను, ష్రౌడ్ ఇచ్చేవి. ఏసీ లేని కారు, అందులోనూ డ్రాగ్ పందేలకని కొన్నది, బరువు తగ్గాలని, ఖర్చు తగ్గాలని చాలాసార్లు వీటిలో కొన్ని లేకుండానే వచ్చేది. ఇవాళ అలాంటి కారు కొన్నవాడు ముందు చేసే పని ఏసీ పెట్టించడం. పందెం కోసం కట్టిన బండికి కండెన్సర్ వేడి తగిలించి, పాత ఫ్యానుతోనే నెట్టుకురమ్మంటే ఎలా? పావు మైలు పందెం 13, 14 సెకన్లలో తేలిపోతుంది. ఆ కాసేపు నీళ్లలోకి రెండు వందల కిలోవాట్లు దిగినా, సుమారు 20 లీటర్ల నీళ్లూ ఆ బరువైన ఇనుప దిమ్మే మింగేసి ఊరుకుంటాయి. పందెం వేడిని దాచుకోవచ్చు. ట్రాఫిక్ వేడిని దాచుకోవడం కుదరదు, పుట్టింది పుట్టినట్టు బయటికి పంపాల్సిందే.

మంచి ఫ్యానుల్లో క్లచ్ ఒకటి ఉంటుంది. ఫ్యాను నడుముకు బిగించిన డబ్బాలో చిక్కటి సిలికాన్ ద్రవం, దాని ముందు గడియారం స్ప్రింగులా చుట్టిన రెండు లోహాల పట్టీ. రేడియేటర్‌లోంచి వచ్చే గాలి వేడెక్కితే పట్టీ మెలి తిరిగి లోపలి ద్వారం తెరుస్తుంది, ద్రవం పలకల మధ్య పరుచుకుని ఫ్యానును బిగించి తిప్పుతుంది. చల్లబడితే వదిలేస్తుంది. హైవే మీద ఫ్యానుకు ఇంజిన్ శక్తి దండగ కాకుండా ఇదొక ఏర్పాటు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ ద్రవం కారిపోతుంది, ఫ్యాను ఊరికే తిరుగుతున్నట్టు నటిస్తుంది. బాగా వేడెక్కిన ఇంజిన్ ఆపాక, తాళం చేతిలోకి తీసుకుని, రెక్కను వేలితో ఒక్క తోపు తోసి చూడండి. వెంటనే బిగుతుగా ఆగితే క్లచ్ బతికుంది. మూడు నాలుగు చుట్లు హాయిగా తిరిగితే చచ్చింది.

దాని బదులు కరెంటు ఫ్యాన్లు పెట్టేవాళ్లూ ఉన్నారు. ఆగినప్పుడు కూడా పూర్తి వేగంతో తిరుగుతాయి కాబట్టి సిగ్నల్ జబ్బుకు అవి సరైన మందే. కానీ రెండు పెద్ద ఫ్యాన్లు కలిసి 30, 40 ఆంపియర్లు లాగుతాయి. ఆనాటి ఆల్టర్నేటర్ మొత్తం ఇచ్చేదే చాలా బండ్లలో 40 నుంచి 60, అదీ ఇంజిన్ గట్టిగా తిరిగినప్పుడు. సిగ్నల్ దగ్గర దీపాలు మసకబారి, వోల్టేజి పడిపోయి, ఫ్యాను వేగం తగ్గుతుంది. ఏ వేళ కోసం పెట్టామో ఆ వేళకే చెయ్యిస్తుంది. ఆల్టర్నేటర్ మార్చకుండా ఈ పని చేయకపోవడమే మంచిది.

మెకానిక్కుల దగ్గర ఒక పనికొచ్చే సూత్రం ఉంది. నిలబడితే వేడెక్కే బండికి గాలి జబ్బు, పరుగెత్తితే వేడెక్కే బండికి నీళ్ల జబ్బు. రెండోదానికి కారణాలు వేరు. రేడియేటర్ గొట్టాలు సున్నం పట్టి పూడిపోవచ్చు, బెల్టు జారుతుండవచ్చు. ఒక్కోసారి దొరకని దొంగ రేడియేటర్ అడుగు నుంచి పంపుకు వెళ్లే రబ్బరు గొట్టం. పంపు నీళ్లను పీల్చేది దీన్నుంచే. మెత్తబడిన గొట్టం ఇంజిన్ గట్టిగా తిరిగినప్పుడు ఆ పీల్పుకు లోపలికి నొక్కుకుపోతుంది. బండి ఆపి బోనెట్ ఎత్తి చూస్తే మళ్లీ మామూలుగానే ఉంటుంది. దీనికోసమే కొన్ని గొట్టాల్లోపల ఒక స్ప్రింగు చుట్ట పెట్టేవారు.

రేడియేటర్ రాగిదా, అల్యూమినియందా అన్నది ఈ కార్లవాళ్ల మధ్య తెగని వాదం. వేడిని మోయడంలో రాగి అల్యూమినియం కన్నా ఒకటిన్నర రెట్లకు పైనే మెరుగు, అందులో సందేహం లేదు. అయితే పాత రేడియేటర్లలో గొట్టం ఇత్తడిది, దానికి రాగి రెక్కలను సీసం కలిసిన టంకంతో అతికేవారు. ఆ టంకం వేడిని అంత బాగా దాటనివ్వదు. ఇత్తడి గొట్టం గోడ పలచన కాబట్టి వెడల్పు చేస్తే ఒత్తిడికి ఉబ్బుతుంది, అందుకని అర అంగుళం గొట్టాలే నాలుగు వరసలు పెట్టేవారు. వెనక వరసలకు చేరే గాలి అప్పటికే కాగిపోయి ఉంటుంది. అల్యూమినియంతో అంగుళం వెడల్పు గొట్టాలు రెండే వరసలు చాలు, రెక్కలు కొలిమిలో గొట్టానికే కరిగి అతుక్కుంటాయి. కాబట్టి లోహం నాసి, వస్తువు మెరుగు. అలాగని తళతళలాడే పెద్ద రేడియేటర్ కొని, ష్రౌడ్ లేకుండా బిగించడం నాకు శుద్ధ దండగ అనిపిస్తుంది. ఈ జబ్బున్న బండ్లకు చాలామంది మొట్టమొదట చేసే ఖర్చు మాత్రం అదే.

ఇక నీళ్లు. బయట 100 డిగ్రీల దగ్గర మరిగే నీళ్లు, చదరపు అంగుళానికి 16 పౌండ్ల ఒత్తిడి బిగించే రేడియేటర్ మూత కింద 120 డిగ్రీలు దాటితే గానీ మరగవు. మూతలోని స్ప్రింగు, రబ్బరు వాషరు చేసే పని ఇది. ముసలిదైన మూత ముందే వదిలేస్తుంది, అప్పుడు 105 డిగ్రీలకే పొంగు మొదలు. నిజానికి ఇంజిన్ లోపల ఎగ్జాస్ట్ వాల్వుల చుట్టూ ఇనుము ఎంత వేడిగా ఉంటుందంటే, అక్కడ నీళ్లు చిన్న చిన్న బుడగలుగా మరుగుతూనే ఉంటాయి. అది మంచిదే. బుడగ పుట్టేటప్పుడు బోలెడు వేడిని మింగి, పక్కనున్న చల్లటి నీళ్లలో కలిసి కరిగిపోతుంది. ఒత్తిడి తగ్గినా, నీళ్లు సరిగా పారకపోయినా ఆ బుడగలు కలిసిపోయి ఇనుము మీద ఆవిరి పొరగా పరుచుకుంటాయి. ఆవిరి వేడిని మోయలేదు. ఆ చోట ఇనుము మితిమీరి కాగి హెడ్డు పగలడం, గ్యాస్కెట్ కొట్టేయడం అక్కడి నుంచే మొదలవుతాయి. మీటరు ముల్లు మాత్రం అప్పటికి ఇంకా మధ్యలోనే ఉండవచ్చు.

వేడిగా ఉన్నప్పుడు మూత తీయొద్దని ఎందుకంటారో ఒక్క లెక్క చెబుతుంది. 115 డిగ్రీల దగ్గర ఒత్తిడితో ఆగి ఉన్న 20 లీటర్ల నీళ్లున్నాయనుకోండి. మూత తిప్పగానే ఒత్తిడి పోతుంది, నీళ్లు ఉన్నపళాన 100కి దిగాలి. ఆ 15 డిగ్రీల వేడీ ఎక్కడికి పోవాలి? సుమారు అర కిలో నీళ్లను ఆవిరి చేస్తుంది. అర కిలో ఆవిరంటే సుమారు 900 లీటర్లు, కొన్ని క్షణాల్లో, ముఖం మీదికి. పైగా అది తనతోపాటు మరిగే నీళ్లను ఎగజిమ్ముతుంది. గుడ్డ అడ్డం పెట్టుకుంటే సరిపోతుందనేది ఉత్త ధీమా.

అరవైల నాటి బండ్లలో చాలావాటికి పొంగిన నీళ్లు పట్టే డబ్బా కూడా లేదు. మూత దగ్గరి సన్నటి గొట్టం రోడ్డు మీదికి వేలాడుతుంది. రేడియేటర్‌ను అంచుదాకా నింపితే, వేడికి వ్యాకోచించిన మేరకు లీటరో అరలీటరో కారబోసి, ఆ పైన నిలకడగా ఉంటుంది. కింద చిన్న మడుగు చూసి యజమాని గుండె జారుతుంది, మళ్లీ నింపుతాడు, అది మళ్లీ పోస్తుంది. పై తొట్టిలో అంగుళమో రెండంగుళాలో వెలితి వదలడం ఆ కాలపు రివాజు. ఒక ప్లాస్టిక్ డబ్బా తగిలించుకుంటే ఆ బాధే ఉండదు. వేడికి బయటికి వచ్చిన నీళ్లే చల్లబడ్డాక వెనక్కి పోతాయి, గాలి లోపలికి చొరబడదు.

నీళ్లలో కలిపే గ్లైకాల్ గురించి ఒక అపోహ ఉంది, ఎంత ఎక్కువ పోస్తే అంత చలవ అని. సగం నీళ్లు, సగం గ్లైకాల్ కలిపితే సున్నాకు దిగువ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు, మరిగే స్థానం కూడా ఏడెనిమిది డిగ్రీలు పెరుగుతుంది. కానీ వేడిని మోయడంలో ఆ మిశ్రమం ఉత్త నీళ్లకన్నా పది, పదిహేను శాతం తక్కువ, పైగా చిక్కన. గడ్డకట్టే భయం అంతగా లేని ఫీనిక్స్‌లో మూడో వంతు గ్లైకాల్ చాలు. ఉత్త నీళ్లు మాత్రం పోయకూడదు. తుప్పును ఆపే మందులు ఉండేది ఆ ద్రవంలోనే. చాలా రేసు ట్రాకుల్లో గ్లైకాల్‌ను అసలు ఒప్పుకోరు. అది ట్రాకు మీద ఒలికితే నూనెలా జారుతుంది, కడిగినా ఒక పట్టాన పోదు. అక్కడ నీళ్లలో తుప్పు మందు మాత్రమే కలుపుకుంటారు.

మన దగ్గర పాత అంబాసిడర్ బండ్లకు వేసవి రాగానే, నీళ్ల దారిలో వేడిని బట్టి తెరుచుకునే థర్మోస్టాట్ ద్వారాన్ని పీకి పారేయడం మెకానిక్కుల అలవాటు. అమెరికాలోనూ అదే అలవాటు, దాన్ని తప్పుపట్టే ఒక సిద్ధాంతం కూడా ఉంది. పీకిపారేస్తే బండి ఇంకా వేడెక్కుతుందనీ, ‘నీళ్లు రేడియేటర్‌లో నిలవకుండా పరుగెత్తిపోతే చల్లబడటానికి టైము దొరకదు’ అనీ అంటారు. వినడానికి బాగుంటుంది గానీ తప్పు. అవే నీళ్లు గుండ్రంగా తిరుగుతున్నాయి. రేడియేటర్‌లో తక్కువసేపు ఉంటే ఇంజిన్‌లోనూ తక్కువసేపే ఉంటాయి, నిమిషానికి ఎక్కువసార్లు తిరుగుతాయి. జోరుగా పారే నీళ్లే వేడిని బాగా లాక్కుంటాయి. పీకేసినప్పుడు కొన్ని బండ్లు నిజంగానే వేడెక్కడానికి కారణం వేరే. ఆ ఇరుకు ద్వారం వల్లే పంపుకూ దానికీ మధ్య, ఇంజిన్ లోపల అదనపు ఒత్తిడి నిలుస్తుంది. వాల్వుల చుట్టూ ఆవిరి పొర కట్టకుండా ఆపేది అదే. ద్వారం తీసేస్తే ఆ ఒత్తిడి పడిపోతుంది. ఇక 90 డిగ్రీల థర్మోస్టాట్ బదులు 71 డిగ్రీలది వేస్తే బండి చల్లగా ఉంటుందనేది ఇంకో ఆశ. థర్మోస్టాట్ నిర్ణయించేది ఇంజిన్ ఎంతకన్నా చల్లబడకూడదో, అంతే. అది పూర్తిగా తెరుచుకున్నాక ఇక ఏ డిగ్రీదైనా ఒకటే. వేడి 105కి పోతుందంటే రెండూ ఎప్పుడో బార్లా తెరుచుకుని ఉన్నాయి.

ఇంతవరకూ వేడిని బయటికి పంపడం గురించే. అసలు అంత వేడి నీళ్లలోకి ఎందుకు చేరుతోందన్న ప్రశ్న చాలామందికి తట్టదు. ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు సిలిండర్‌లోకి వచ్చే మిశ్రమం పలచన, అందులో పాత పొగ కూడా కలిసి ఉంటుంది, అందుకని నెమ్మదిగా మండుతుంది. పిస్టన్ పైకి చేరడానికి చాలా ముందే, క్రాంక్ తిరుగుడులో ఇరవై ఇరవై అయిదు డిగ్రీల ముందే ప్లగ్గు నిప్పు పుట్టించాలి. ఆలస్యమైతే మంట పూర్తి కాకముందే ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకుంటుంది, మండుతున్న వాయువు హెడ్డులోని పొగదారి గుండా పోతుంది. ఆ దారి చుట్టూ ఉండేది నీళ్లే. చక్రాలకు పోవాల్సిన శక్తి నీళ్లను కాచడానికి పోతుంది.

ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ పక్కన సాసర్ ఆకారంలో ఉండే రేకు డబ్బీ ఈ పని కోసమే. కార్బురెటర్ దిగువన పుట్టే పీల్పును సన్నటి గొట్టం ద్వారా అందుకుని, అది నిప్పును ముందుకు జరుపుతుంది. కాలిఫోర్నియాలో 1966 మోడళ్లకూ, దేశమంతటా 1968 నుంచీ పొగ నిబంధనలు వచ్చాయి. పొగదారి వేడిగా ఉంటే మండకుండా మిగిలిన పెట్రోలు అక్కడే కాలిపోతుంది, పొగ శుభ్రపడుతుంది. అందుకని చాలా కార్లలో ఆ గొట్టాన్ని, కాలు తీసినప్పుడు పీల్పు అందని రంధ్రానికి మార్చారు. దాంతో సిగ్నల్ దగ్గర నిప్పు ఆలస్యం, నీళ్లు వేడి. ఇలా చేస్తే ఇంజిన్ ఉడుకుతుందని కట్టినవాళ్లకు తెలియదనుకోకండి. నీళ్ల దారిలో ఒక వేడి వాల్వు పెట్టారు. నీళ్లు 104 డిగ్రీల దరికి చేరితే అది గొట్టాన్ని మళ్లీ పాత పీల్పుకు కలుపుతుంది. నిప్పు ముందుకు జరుగుతుంది, ఇంజిన్ వేగం పుంజుకుంటుంది, దానితోపాటు ఫ్యానూ పంపూ వేగం పుంజుకుంటాయి, ముల్లు దిగుతుంది. నాకైతే ఆ కాలపు ఇంజినీరింగులో దీనికన్నా ముచ్చటైన పని కనబడదు. ఇవాళ ఆ వాల్వు ఎందుకో తెలియక, ఏవో గొట్టాలు అడ్డమని కత్తిరించి మూసేసినవాళ్లే ఎక్కువ. పెద్ద రేడియేటర్ కొనేముందు, నిప్పు ఎప్పుడు పుడుతోందో చూపే టైమింగ్ లైటు పట్టి చూడటానికి పది నిమిషాలు పట్టదు.

కొన్ని ఇంజిన్లకు ఇవేవీ పనిచేయవు. అరవై ఏళ్ల తుప్పు, ఫౌండ్రీలో పోత పోసినప్పుడు మిగిలిపోయిన ఇసుక కలిసి వెనక సిలిండర్ల అడుగున గట్టిపడి ఉంటాయి. అక్కడికి నీళ్లే చేరవు. లేదా ఎవరో శక్తి కోసం సిలిండర్లను మరీ ఎక్కువ బోరింగు చేయించి, గోడలు పలచబడిపోయి ఉంటాయి. ఈ రెంటికీ బయట నుంచి మందు లేదు, ఇంజిన్ దించాల్సిందే.

ఇన్నీ సరిచేసినా ఎడారిలో మిగిలే తలనొప్పి ఒకటుంది, అది నీళ్లది కాదు, పెట్రోలుది. పెట్రోలులో తేలిక పాలు 40 డిగ్రీల దరిదాపుల్లోనే మరగడం మొదలవుతుంది. ఈ కార్లలో పెట్రోలు పంపు ఇంజిన్ దిమ్మెకే బిగించి ఉంటుంది, వెనకనున్న ట్యాంకు నుంచి పీలుస్తుంది. పీల్పు అంటే ఒత్తిడి తగ్గడం, ఒత్తిడి తగ్గితే ఇంకా తొందరగా మరగడం. గొట్టంలో ఆవిరి చేరితే పంపు దాన్ని తొయ్యలేక ఊరికే కొట్టుకుంటుంది. అమెరికాలో వెనకటివాళ్లు దీనికి పెట్రోలు గొట్టం పొడవునా బట్టలారేసే చెక్క క్లిప్పులు తగిలించేవారు. ఆ క్లిప్పులు నిజంగా చేసేదేమీ లేదు. వాటిని తగిలించేలోగా ఇంజిన్ కాస్త చల్లబడేది, ఆ ఖ్యాతి వాటికి దక్కింది. అసలు మందు మిగులు పెట్రోలును ట్యాంకుకు తిప్పి పంపే రెండో గొట్టం. పెట్రోలు ఒకచోట నిలవకుండా తిరుగుతుంటే మరగడానికి వీలుండదు. కార్బురెటర్ కింద వేడి దాటని ఫినాలిక్ దిమ్మె ఒకటి పెట్టినా ఉపయోగమే.

బంకు దగ్గర ఇంజిన్ ఆపి, పది నిమిషాలాగి మళ్లీ తిప్పితే అంటుకోకపోవడం ఈ జబ్బుకు ఇంకో రూపం. ఇంజిన్ ఆగగానే పంపూ ఫ్యానూ ఆగిపోతాయి, ఇనుములో నిలిచిన వేడి మాత్రం పైకి పాకుతుంది, కార్బురెటర్ గిన్నెలో పెట్రోలు మరిగి బొట్లుబొట్లుగా లోపలికి కారుతుంది. అప్పుడు పెడల్‌ను పదేపదే తొక్కితే ఇంకా పెట్రోలు పోసినట్టవుతుంది. ఒక్కసారి నేలకు తొక్కి, అలాగే పట్టుకుని సెల్ఫ్ కొట్టాలి. కార్బురెటర్ తలుపులు పూర్తిగా తెరుచుకుని గాలి బాగా దూరి, చేరిన పెట్రోలు తుడుచుకుపోతుంది, రెండు మూడు తిప్పుళ్లకు అంటుకుంటుంది. అంటుకున్నాక ఏసీ వెంటనే వేయకుండా, బండి కాస్త వేగం అందుకున్నాక వేసుకోవడం మేలు.